ఐస్ హాకీ గోల్‌టెండర్ కెరీర్: తొలి ప్యాడ్ల నుంచి ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ దాకా

ఐస్ హాకీలో గోల్‌టెండర్ (గోల్‌కీపర్) కాపాడే గోల్ వెడల్పు 6 అడుగులు, ఎత్తు 4 అడుగులు. పక్ అంటే 3 అంగుళాల వ్యాసం, అంగుళం మందం, 156 నుంచి 170 గ్రాముల బరువున్న గట్టి రబ్బరు బిళ్ల. మంచు మీద ఎగిరెగిరి పడకుండా మ్యాచ్‌కి ముందు దాన్ని ఫ్రీజర్‌లో పెడతారు. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో కొడితే, 64 అడుగుల దూరంలోని బ్లూ లైన్ నుంచి గోల్ లైన్ చేరడానికి దానికి అర సెకను కూడా పట్టదు. 20 అడుగుల నుంచైతే 0.14 సెకను చాలు. కంటితో చూసి చెయ్యి కదపడానికే మనిషికి సుమారు 0.2 సెకను కావాలి. అంటే దగ్గరి నుంచి వచ్చే బలమైన షాట్ చురుకుదనంతో ఆగేది కాదు. పక్ కర్రను వదిలే సమయానికే శరీరం సరైన చోట, కదలకుండా ఉంటేనే ఆగుతుంది. కింద చెప్పే సాధన అంతా ఈ లెక్క నుంచే వచ్చింది.

రెండో లెక్క ఉద్యోగాలది. ఉత్తర అమెరికాలోని అగ్రశ్రేణి లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 టీమ్‌లు ఉన్నాయి. ఒక్కో టీమ్ మామూలుగా ఇద్దరు గోల్‌టెండర్లను ఉంచుకుంటుంది. అంటే ప్రపంచం మొత్తానికి 64 స్థానాలు. వాటిలో సగం మంది ఎక్కువ రాత్రులు బెంచి మీదే కూర్చుంటారు. ఫార్వర్డ్ బాగా ఆడకపోతే నాలుగో లైన్‌లోనైనా (ఆఖరి వరస ఆటగాళ్లలో) చోటు దొరుకుతుంది, గోల్‌టెండర్‌కి అలాంటి చోటు లేదు. అందుకే ఈ కెరీర్‌లో ప్రతి నిర్ణయం దగ్గరా వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎక్కడ ఎక్కువ మ్యాచ్‌లు ఆడనిస్తారు?

1. ప్యాడ్లకన్నా ముందు స్కేటింగ్

స్కేటింగ్ సరిగా రాని పిల్లల్ని గోల్‌లో నిలబెట్టడం చాలా క్లబ్బుల్లో జరిగే తప్పు. నిజానికి టీమ్ మొత్తంలో స్కేట్ అంచుల మీద ఎక్కువ అదుపు కావాల్సింది గోల్‌టెండర్‌కే. పదేళ్లు వచ్చేదాకా సగం మ్యాచ్‌లు ఫార్వర్డ్‌గానో డిఫెన్స్‌లోనో ఆడిస్తే మేలు. షాట్ కొట్టేవాళ్ల భుజం, చేతులు ఎలా కదులుతాయో తెలిసినవాళ్లకి తర్వాత షాట్ ఎటు వస్తుందో పసిగట్టడం తేలికవుతుంది.

నేర్చుకోవాల్సిన కదలికలు నాలుగు. సీ-కట్‌లో ఒక కాలిని మంచు మీంచి ఎత్తకుండా అర్ధచంద్రాకారంగా తోస్తూ ముందుకీ వెనక్కీ జరుగుతారు. షఫుల్‌లో రెండు పాదాల ముందు భాగాలూ పక్ వైపే ఉంచి, కొద్ది దూరం పక్కకి జరుగుతారు. టీ-పుష్ ఎక్కువ దూరానికి: వెళ్లే వైపు పాదాన్ని ఆ దిక్కుకి తిప్పి, వెనక పాదంతో బలంగా తోసి, చేరిన చోట ఠక్కున ఆగాలి. నాలుగోది బటర్‌ఫ్లై స్లైడ్, మోకాళ్ల మీద ఉండగానే ఒక కాలితో తోసుకుని జారడం.

పరీక్ష ఇలా పెట్టండి. పోస్ట్ నుంచి క్రీజ్ (గోల్ ముందు గోల్‌టెండర్ కోసం గీసిన చోటు) పైఅంచుకి, అక్కడి నుంచి రెండో పోస్ట్‌కి టీ-పుష్‌తో వెళ్లాలి. కదిలేటప్పుడు తల పైకి లేవకూడదు, ఆగాక శరీరం ఊగకూడదు. తల లేస్తోందంటే మోకాళ్లు నిటారవుతున్నాయన్నమాట. అలా లేచిన క్షణంలో షాట్ వస్తే కిందికి దిగడానికి సమయం చాలదు. ప్రతి సాధనలో తొలి పావుగంట పక్ లేకుండా ఇవే చేయించాలి. పిల్లలకి విసుగే, అయినా మానకూడదు.

గోల్‌టెండర్ స్కేట్ బ్లేడు దాదాపు 4 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, మామూలు ఆటగాళ్లది 3. కింది అంచు కూడా ఎక్కువ చదునుగా ఉంటుంది. పదును పెట్టించేటప్పుడు అర అంగుళం హాలోతో (బ్లేడు కింద రెండు అంచుల మధ్య చెక్కే గాడి వంపు) మొదలుపెట్టి, శరీర బరువునీ మంచు గట్టిదనాన్నీ బట్టి అటూ ఇటూ మార్చుకోవాలి. హాలో మరీ లోతైతే షఫుల్‌లో బ్లేడు మంచులో ఇరుక్కుని గజ్జల కండరం పట్టేస్తుంది. మరీ తక్కువైతే మోకాళ్ల మీంచి తోసుకునేటప్పుడు కాలు జారిపోతుంది.

2. సామగ్రి కొలతలు

పూర్తి సామగ్రి పెద్దవాళ్లకి దాదాపు 15 నుంచి 20 కిలోల బరువు తూగుతుంది. ఎక్కడ కక్కుర్తి పడినా మాస్క్ దగ్గర పడొద్దు. 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో యాండీ బాత్‌గేట్ షాట్ ముఖానికి తగిలి, కుట్లు వేయించుకున్నాక జాక్ ప్లాంట్ మాస్క్ పెట్టుకునే తిరిగి మంచు మీదకి వచ్చాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో మాస్క్ వాడకం అక్కడి నుంచే స్థిరపడింది. మాస్క్‌కి పగులు కనిపించినా, తీగలు వంగినా మార్చేయాలి. గొంతు రక్షణ కూడా అంతే ముఖ్యం. 1989లో బఫెలో గోల్‌టెండర్ క్లింట్ మాలార్చుక్ మెడ స్కేట్ బ్లేడు తగిలి తెగింది, మరణం అంచుదాకా వెళ్లి బయటపడ్డాడు. మాస్క్‌కి వేలాడే ప్లాస్టిక్ కవచం పక్ దెబ్బకి పనికొస్తుంది, కోతకి కాదు. లోపల కోతని అడ్డుకునే కాలర్ విడిగా ఉండాలి.

లెగ్ ప్యాడ్ సైజు చూసేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఎత్తు చూసి కొనడం. చూడాల్సింది మోకాలు. బటర్‌ఫ్లైలోకి దిగినప్పుడు (రెండు మోకాళ్లూ మంచుకి ఆనించి, ప్యాడ్లు పక్కలకి చాచినప్పుడు) మోకాలు ప్యాడ్ లోపలి మెత్త మీద సరిగ్గా నడిమధ్యన ఆనాలి. "ఎదుగుతాడు కదా" అని రెండు అంగుళాలు పెద్దది కొంటే మోకాలు మెత్త కిందికి జారి, ప్యాడ్ వంకరగా తిరిగి, కాళ్ల మధ్య సందు తెరుచుకుంటుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ప్యాడ్ వెడల్పు 11 అంగుళాలు మించకూడదు. ఎత్తు మాత్రం ఒక్కొక్కరి కాలి కొలతని బట్టి నిర్ణయిస్తారు.

పట్టీలు బిగించడంలోనూ ఒక సూక్ష్మం ఉంది. కిందికి దిగగానే ప్యాడ్ కాలి చుట్టూ తిరిగి, దాని ముందు ముఖం షాట్ వైపు నిలబడాలి. బొటనవేలి దగ్గరి తాడుకి కొన్ని అంగుళాల వదులు లేకపోతే ప్యాడ్ తిరగదు. అది తిరగాల్సిన మెలిక మోకాలి మీద, తుంటి కీలు మీద పడుతుంది. పిల్లలు "మోకాలి లోపలి వైపు నొప్పి" అంటే డాక్టరు దగ్గరికి వెళ్లేలోగా ఆ తాడు ఒకసారి చూడండి.

కర్ర పొడవు తేల్చడానికి స్టాన్స్‌లో (షాట్‌కి సిద్ధంగా ఉండే భంగిమలో) నిలబడి చూడాలి. వెడల్పు భాగం పొడవు ఎక్కువైతే భుజం పైకి లేచి, బ్లాకర్ చేతి (కర్ర పట్టే చేతి) కింద సందు పడుతుంది. తక్కువైతే నడుము వంగి ఛాతీ కిందికి చూస్తుంది. బ్లేడు పూర్తిగా మంచుకి ఆని, ఛాతీ నిటారుగా ఉంటే సైజు కుదిరినట్టే.

3. నిలబడే చోటు: కోణం, లోతు

అసలు విద్య ఇదే, అందుకే కాస్త తీరిగ్గా చెప్పుకుందాం.

స్టాన్స్: పాదాలు భుజాలకన్నా కొంచెం ఎడంగా, బరువు పాదాల ముందు భాగం లోపలి వైపు, ఛాతీ పైకి. చేతులు శరీరానికి ముందు ఉండాలి. రెండు గ్లవ్‌లూ మీ కంటికి కనబడుతుండాలి, కనబడకపోతే వెనక ఉన్నాయన్నమాట. కర్ర బ్లేడు స్కేట్లకి ఒక అడుగు ముందు. మరీ దగ్గరగా పెడితే పక్ బ్లేడుకి తగిలి మీ కాళ్ల మధ్యకే ఎగురుతుంది.

కోణం: పక్ నుంచి గోల్ మధ్యకి ఒక గీత ఊహించుకోండి. మీ బొడ్డు ఆ గీత మీద ఉండాలి. చూడాల్సింది ఆటగాడిని కాదు, పక్‌ని. కుడిచేతి వాటం ఆటగాడి పక్ అతని శరీరానికి ఒకటిన్నర నుంచి రెండడుగులు పక్కన ఉంటుంది. ఆటగాడి ఛాతీకి ఎదురుగా నిలబడితే ఆ మేరకి ఒక వైపు గోల్ తెరిచి ఉంచినట్టే. సాధనలో రెండు పోస్టులకీ తాళ్లు కట్టి, ఆ రెండో కొసలు పక్ ఉన్న చోట కలిపి చూపిస్తే పది నిమిషాల్లో అర్థమవుతుంది.

లోతు అంటే గోల్ లైన్ నుంచి ఎంత ముందుకి రావాలన్నది. 30 అడుగుల నుంచి షాట్ వస్తోందనుకోండి. గోల్ లైన్‌కి అడుగు ముందు నిలబడితే అడ్డుకోవాల్సిన వెడల్పు 5.8 అడుగులు. నాలుగడుగులు ముందుకొస్తే అది 5.2కి తగ్గుతుంది. అదే షాట్ 20 అడుగుల నుంచైతే, నాలుగడుగుల ముందు 4.8 అడుగులే. మరైతే ఎప్పుడూ ముందుకే రావచ్చు కదా? రాకూడదు. పక్కకి పాస్ వెళ్తే ముందున్న గోల్‌టెండర్ ఎక్కువ దూరం జరగాలి. పాస్ అందుకునే మనిషి లేకపోతే ముందుకు, అవతలి వైపు ఒకరు ఖాళీగా ఉంటే క్రీజ్ లోపలికి. ఈ ఎంపిక చెయ్యాలంటే పక్ మీ జోన్‌లోకి వచ్చేలోపు భుజం మీంచి ఒక్కసారి అటు చూసి ఉండాలి. ఆ చూపు అలవాటైనవాళ్లని స్కౌట్లు (టీమ్‌ల కోసం ఆటగాళ్లని వెతికేవాళ్లు) దూరం నుంచే గుర్తుపడతారు.

ఒంటరిగా దూసుకొచ్చే ఆటగాడి విషయంలో క్రీజ్ దాటి బాగా ముందు నుంచే మొదలుపెట్టి, అతని వేగానికి సరిపడా వెనక్కి జరగాలి. ముందే వెనక్కి వెళ్లిపోతే షాట్‌కి చోటిస్తారు, ఆలస్యమైతే పక్కనుంచి తప్పించుకుని వెళ్తాడు. అతను మీ దగ్గరికి వచ్చేసరికి మీరు క్రీజ్ పైఅంచు లోపల ఉండాలి, అప్పటికీ వెనక్కి కదులుతూనే ఉండాలి.

4. బటర్‌ఫ్లై, పోస్ట్ దగ్గర పని

గ్లెన్ హాల్ తొలిరోజుల్లో ఆడి చూపిన ఈ పద్ధతిని పాట్రిక్ రువా, ఆయన కోచ్ ఫ్రాన్స్వా అలేర్ 1980ల తర్వాత అందరికీ అలవాటు చేశారు. రెండు మోకాళ్లూ ఒకేసారి కిందికి, ప్యాడ్లు రెండు పక్కలకీ, కాళ్ల మధ్య సందుకి కర్ర, చేతులు ముందుకి. గోల్ కింది భాగం మూసుకుంటుంది. ఇందులో జరిగే తప్పుల్లో మొదటిది, షాట్ రాకముందే దిగిపోవడం. మంచి ఆటగాడు అర క్షణం ఆగి పైమూలకి కొడతాడు. రెండోది, దిగేటప్పుడు చేతులు నడుము వెనక్కి లాగడం. మూడోది, దిగాక లేవడంలో తొందర. ఎడమకి వెళ్లాలంటే కుడి స్కేట్ అంచుని మంచులో నాటి తోయాలి. తప్పు కాలితో లేచేవాళ్లు రెండో షాట్‌కి ఎప్పుడూ అర అడుగు ఆలస్యంగానే చేరతారు.

పక్ గోల్ లైన్ దగ్గరగానో వెనకనో ఉన్నప్పుడు వాడేది రివర్స్ వీహెచ్. పోస్ట్ వైపు కాలి ప్యాడ్‌ని మంచు మీద పడుకోబెట్టి పోస్ట్‌కి ఆనించాలి. రెండో కాలు సగం నిలబెట్టి, దానితో శరీరాన్ని పోస్ట్ వైపు నెట్టాలి. భుజం పోస్ట్‌కి అంటుకుని ఉండాలి. ఈ పద్ధతి మంచిదే, కానీ ఈ తరం అతిగా వాడుతోంది. పక్ ఇంకా దూరంగా, షాట్‌కి వీలున్న కోణంలో ఉండగానే ఇందులోకి దిగితే భుజం మీంచి దగ్గరి పైమూల తెరుచుకుంటుంది. షాట్‌కి కోణం ఉన్నంతసేపు నిలబడే ఉండండి. కోణం చచ్చాకే దిగండి.

రీబౌండ్ (ఆపాక తిరిగి ఎగిరే పక్) గురించి క్లుప్తంగా: ఛాతీకి తగిలిన పక్‌ని మింగేయాలి, కింద వచ్చినదాన్ని కర్రతో మూలకి మళ్లించాలి, గోల్ ఎదురుగా మాత్రం వదలకూడదు. గోల్ వెనక పక్‌ని ఆపి సహచరుడికి అందించడం కూడా నేర్చుకోవాలి. 2005 నుంచి ఎన్‌హెచ్‌ఎల్‌లో గోల్ లైన్ వెనక గీసిన ట్రెపిజాయిడ్ (సమలంబ చతుర్భుజం) దాటి మూలల్లో గోల్‌టెండర్ పక్ ముట్టుకుంటే రెండు నిమిషాల పెనాల్టీ.

సాధనలో ఒకరి తర్వాత ఒకరు గబగబా షాట్లు కొట్టే వరసలు గోల్‌టెండర్‌కి మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తాయి. నిలదొక్కుకునే సమయం లేక, షాట్ రాకముందే కదలడం అలవాటవుతుంది. 20 నుంచి 30 సెకన్ల పూర్తి శ్రమ, తర్వాత నిమిషం పైగా విశ్రాంతి, ఇలా చేయించాలి. మ్యాచ్‌లోనూ ఒత్తిడి అలాగే అలలు అలలుగా వస్తుంది.

5. తుంటి కీళ్లు కాపాడుకోవడం

ఈ వృత్తిలో చాలా కెరీర్‌లకి దెబ్బ తగిలేది తుంటి దగ్గరే. బటర్‌ఫ్లైలో తొడ ఎముక లోపలికి తిరుగుతుంది. కీలు ఎముకలు ఒకదాన్నొకటి ఒరుసుకుని చుట్టూ ఉన్న లేబ్రమ్ అనే మృదులాస్థి చిరుగుతుంది. బోస్టన్‌కి ఎన్నో ఏళ్లు ఆడిన టుక్క రాస్క్ 2021లో ఇందుకే సర్జరీ చేయించుకుని, 2022 ఫిబ్రవరిలో ఆట మానేశాడు.

చేయాల్సింది బలవంతంగా సాగదీయడం కాదు. అప్పటికే ఒరుసుకుంటున్న కీలుని ఇంకా సాగదీస్తే నష్టమే. పిరుదు కండరాలు, గజ్జల కండరాలు బలపడాలి. బాగా ఉపయోగపడేది కోపెన్‌హేగన్ ప్లాంక్. పక్కకి పడుకుని, పై కాలిని బెంచీ మీద ఆనించి నడుము ఎత్తి ఉంచాలి. 10 సెకన్లతో మొదలుపెట్టి 30 దాకా, వారానికి రెండు మూడు సార్లు చాలు. గజ్జలో లోతుగా పట్టేసినట్టుండే నొప్పి రెండు వారాలు దాటితే స్పోర్ట్స్ డాక్టర్‌కి చూపించాలి. ఏడాదిలో రెండు మూడు నెలలు మంచుకి పూర్తిగా దూరంగా ఉండి వేరే ఆటలు ఆడాలి. పదిహేనేళ్ల లోపు పిల్లలకి దీనికి మించిన మందు లేదు.

మ్యాచ్‌లో చెమట రూపంలో రెండు కిలోల పైనే పోతుంది. ముందూ వెనకా బరువు చూసుకుని, తగ్గిన ప్రతి కిలోకీ లీటరున్నర దాకా ఉప్పు కలిసిన ద్రవం తర్వాతి గంటల్లో తాగాలి.

6. ఏ దారిలో వెళ్లాలి

13 నుంచి 18 ఏళ్ల మధ్య ఎంపిక ఇలా ఎదురవుతుంది: పేరున్న టీమ్‌లో రెండో గోల్‌టెండర్‌గా పది మ్యాచ్‌లా, సాధారణ టీమ్‌లో ముప్పై అయిదా? మా సలహా రెండోదే. బలహీన టీమ్‌లో షాట్లు ఎక్కువ వస్తాయి, నేర్చుకునేదీ ఎక్కువే.

ఉత్తర అమెరికాలో ప్రధాన దారులు రెండు. కెనడియన్ హాకీ లీగ్‌లోని మూడు జూనియర్ లీగ్‌లు 16 నుంచి 20 ఏళ్ల వాళ్లకి. సీజన్‌కి 60 పైగా మ్యాచ్‌లు, బస్సు ప్రయాణాలు, ప్రొఫెషనల్ తరహా దినచర్య. రెండోది అమెరికన్ కాలేజీ హాకీ. మ్యాచ్‌లు దాదాపు సగమే, కానీ సాధనకీ వ్యాయామానికీ ఎక్కువ సమయం, పైగా డిగ్రీ. ఆలస్యంగా ఎదిగే గోల్‌టెండర్‌కి కాలేజీ బాగా నప్పుతుంది. 2025 ఆగస్టు 1 నుంచి జూనియర్ లీగ్ ఆడినవాళ్లకి కూడా కాలేజీ తలుపులు తెరుచుకున్నాయి కాబట్టి, ఇప్పుడు ఒకటి ఎంచుకుంటే రెండోది పోయినట్టు కాదు. స్వీడన్, ఫిన్లండ్‌లలో క్లబ్ జూనియర్ల నుంచి రెండో డివిజన్‌కి, అక్కడి నుంచి పై లీగ్‌కి మెట్లు ఉంటాయి. మహిళలకి కాలేజీ హాకీ తర్వాత 2024 జనవరిలో మొదలైన ఉత్తర అమెరికా లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్, స్వీడన్ లీగ్ ప్రధాన గమ్యాలు.

ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే ఏర్పాటు) 7 రౌండ్లు, 224 ఎంపికలు. గోల్‌టెండర్ల విషయంలో డ్రాఫ్ట్ అంచనాలు తప్పినంతగా ఇంకెవరి విషయంలోనూ తప్పవు. డొమినిక్ హాషెక్ 1983లో 199వ ఎంపిక. హెన్రిక్ లుండ్‌క్విస్ట్ 2000లో 205వ ఎంపిక. కానర్ హెలిబక్ 2012లో 130వ ఎంపిక, తర్వాత కాలేజీ ఆడి, 2025లో లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు. సెర్గీ బబ్రోవ్‌స్కీని ఎవరూ డ్రాఫ్ట్ చేయనే లేదు. పొట్టివాళ్లు నిరాశపడనక్కర్లేదు కానీ దారి కష్టమన్నది నిజం: యూసె సారోస్ ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలే. అలాంటివాళ్లు నిలబడ్డది స్కేటింగ్, అంచనా మీదే.

తొలి ఎన్‌హెచ్‌ఎల్ కాంట్రాక్ట్ 18 నుంచి 21 ఏళ్లవాళ్లకి మూడేళ్లు. అది సాధారణంగా టూ-వే, అంటే పై లీగ్‌లో ఉంటే ఒక జీతం, కింది ఏహెచ్‌ఎల్‌లో ఉంటే చాలా తక్కువ జీతం. 2025-26 సీజన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ కనీస జీతం 7,75,000 డాలర్లు. సంతకం పెట్టే ముందు ఏజెంట్‌ని అడగాల్సింది డబ్బు గురించి ఒక్కటే కాదు. ఆ సంస్థలో ఇప్పటికే ఎంతమంది గోల్‌టెండర్లు ఉన్నారు, వాళ్ల వయసెంత, కాంట్రాక్ట్‌లు ఎప్పుడు ముగుస్తాయి, ఏహెచ్‌ఎల్ టీమ్‌కి విడిగా గోల్ కోచ్ ఉన్నాడా? మీకన్నా ముందు 23 ఏళ్లవాళ్లు ఇద్దరుంటే, మూడేళ్లూ ఇంకా కింది లీగ్ ఈసీహెచ్‌ఎల్‌లోనే గడవచ్చు. అంతకన్నా యూరప్ పై లీగ్‌లో మొదటి గోల్‌టెండర్‌గా ఆడటం మంచి నిర్ణయం కావచ్చు. టిమ్ థామస్ అలా ఫిన్లండ్, స్వీడన్‌లలో ఏళ్ల తరబడి ఆడి, ముప్పై దాటాక ఎన్‌హెచ్‌ఎల్‌లో స్థిరపడి, 2011లో 37 ఏళ్ల వయసులో ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్ స్టాన్లీ కప్ గెలిచాడు.

7. అంకెలు, వీడియో

ఆపిన షాట్లను మొత్తం షాట్లతో భాగిస్తే సేవ్ శాతం వస్తుంది. రాత్రికి 30 షాట్లు అనుకుంటే 0.915కీ 0.900కీ మధ్య తేడా మ్యాచ్‌కి 0.45 గోల్, 55 మ్యాచ్‌లకి దాదాపు 25 గోల్‌లు. పైకి చిన్నగా కనిపించే ఆ తేడా మీదే కాంట్రాక్ట్‌లు నడుస్తాయి. అయితే బలహీన టీమ్ వెనక అంకె తగ్గుతుందని స్కౌట్లకి తెలుసు. వాళ్లు షాట్ల కష్టాన్ని బట్టి ఎన్ని గోల్‌లు రావాల్సింది, ఎన్ని వచ్చాయన్నది కూడా చూస్తారు.

ప్రతి మ్యాచ్ తర్వాత మీమీద పడిన గోల్‌ల వీడియో విడిగా తీసి నాలుగు గంపల్లో వేయండి: నిలబడిన చోటు తప్పు, అంచనా తప్పు, కదలిక తప్పు, ఎవరూ ఆపలేనిది. పది మ్యాచ్‌లయ్యాక ఏ గంప నిండిందో తెలుస్తుంది, తర్వాతి నెల సాధన దానిమీదే. చాలామంది తమ లోపం రిఫ్లెక్స్ అనుకుంటారు. లెక్క తీస్తే మొదటి గంపే నిండి ఉంటుంది.

గోల్ పడ్డాక ఒకే వరస అలవాటు చేసుకోవాలి: నీళ్లు, మూలదాకా ఒక చుట్టు, రెండు పోస్టులూ తట్టి స్టాన్స్. అంతా 15 సెకన్లలో అయిపోవాలి. ఆ గోల్ ఎందుకు పడిందన్నది మ్యాచ్ అయ్యాక వీడియోలో చూసుకోవచ్చు.

8. రెండో గోల్‌టెండర్‌గా, ఆ తర్వాత

బ్యాకప్‌గా కుదిరితే నెలకి రెండు మూడు మ్యాచ్‌లే రావచ్చు. మ్యాచ్ లేని రోజు ఉదయం స్కేట్ తర్వాత మంచు మీద అదనంగా 20 నిమిషాలు ఉండి, మ్యాచ్ వేగంతో ఆడాలి. సహచరులు సరదాగా కొట్టే షాట్లకి నిలబడితే లెక్కలోకి రాదు. బెంచి మీద కూడా ప్రత్యర్థి పవర్ ప్లే (మన టీమ్‌కి పెనాల్టీ పడి వాళ్లు ఎక్కువమందితో ఆడే సమయం) ఎటు నడుస్తోందో గమనిస్తూ ఉండండి. మొదటి గోల్‌టెండర్‌కి దెబ్బ తగిలితే వార్మప్‌కి వ్యవధి ఉండదు. ఇద్దరూ గాయపడితే దిగే అత్యవసర గోల్‌టెండర్ కథలు, 2020 ఫిబ్రవరి 22న టొరొంటోలో 42 ఏళ్ల డేవిడ్ ఏర్స్ కరొలైనా తరఫున గెలిచినట్టివి, వినడానికి గొప్పగా ఉంటాయి. వాటిని కెరీర్ దారిగా లెక్కేసుకోకండి.

ఆటలో ఉండగానే వేసవి శిబిరాల్లో పిల్లలకి నేర్పడం, కోచింగ్ సర్టిఫికెట్ తొలి స్థాయిలు పూర్తి చేయడం మంచిది. ఇప్పుడు పై లీగ్‌ల టీమ్‌లతో పాటు జూనియర్ టీమ్‌లు కూడా చాలావరకు విడిగా గోల్ కోచ్‌ని పెట్టుకుంటున్నాయి. ఆ ఉద్యోగానికి అడిగేది మీ పాత సేవ్ శాతం కాదు. ఒక పన్నెండేళ్ల పిల్లవాడి టీ-పుష్‌లో తప్పు ఎక్కడుందో చూసి, మూడు మాటల్లో చెప్పగలరా అన్నదే చూస్తారు.